టెన్షన్‌కి ఏ రోజుకారోజు శుభం కార్డు: విశాఖవాసులకు సమగ్ర మార్గదర్శి

మాది గాజువాక. రెండేళ్ళ కిందట ఒక రాత్రి 11 గంటలకి నాకు గుండె పట్టేసినట్టయింది. ఒళ్ళంతా చెమట, ఎడమ చెయ్యి లాగేస్తోంది. మా ఆవిడ కంగారుపడి ఆటో పిలిచింది. (అది తప్పు. 108కి ఫోన్ చెయ్యాలి. దాని సంగతి కింద చెబుతాను.) ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, రక్తం తీశారు, కొన్ని గంటలాగి మళ్ళీ తీశారు. గుండె నిక్షేపంలా ఉందన్నారు. తెల్లారాక వచ్చిన పెద్ద డాక్టరుగారు రిపోర్టులు పక్కన పెట్టి, "నిన్న మధ్యాహ్నం భోజనం ఎన్నింటికి చేశావు బాబూ?" అన్నారు. గుర్తు రాలేదు. మొన్నటిదీ గుర్తు రాలేదు. "రాత్రి మెలకువ ఎన్నింటికొస్తోంది?" అన్నారు. దానికి మాత్రం ఠక్కున చెప్పాను: "3 గంటలకండీ, రోజూ."

నాది ఓడల సరుకు లెక్కలు చూసే ఆఫీసు ఉద్యోగం. ఓడ ఒక రోజు ఎక్కువ నిలబడితే ఎవరి జేబులోంచి ఎంత పోతుందో తేలేదాకా ఫోన్లు ఆగవు. దానికి తోడు ఇంటి ఈఎంఐ, పెద్దాడి ఇంటర్, అమ్మ మోకాళ్ళు. ఇందులో కొత్తేమీ లేదు, ఈ ఊళ్ళో సగం ఇళ్ళ కథ ఇదే. టెన్షన్ లేని బతుకు దొరకదని అప్పటికే తెలుసు. తెలియనిది ఇంకొకటుంది: మొదలైన టెన్షన్ ఏ రోజుకారోజు ముగియాలి. ముగియకుండా మర్నాటికి మిగిలిపోయేదే ఒంటిని తినేస్తుంది. వెనకటి సినిమాల్లో శుభం కార్డు పడితే గానీ జనం కుర్చీల్లోంచి లేచేవాళ్ళు కాదు. ఒళ్ళు కూడా అలాగే కూర్చుని ఉంటుంది. ఆ కార్డు ఎలా వెయ్యాలన్నదే ఇక్కడి విషయం. నేను డాక్టర్ని కాను. డాక్టర్లని అడిగి, చదివి, నా ఒంటి మీద చేసి చూసుకున్నవే రాస్తున్నాను.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో

అప్పూఘర్ దగ్గర రాత్రిపూట వీధికుక్క వెంటపడిందనుకోండి. కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు క్షణంలో అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పొట్టిదవుతుంది, పొట్టకి పోయే రక్తం తగ్గి కాళ్ళకి పోతుంది, లివరు దాచుకున్న చక్కెరని రక్తంలోకి వదులుతుంది. కొద్ది నిమిషాల్లో వెనకే కార్టిసాల్ అనే ఇంకో హార్మోను వస్తుంది. చక్కెర సరఫరా తగ్గకుండా చూస్తూ, అరుగుదల, రోగనిరోధకం లాంటి "తర్వాత చూసుకుందాం" పనులని పక్కన పెట్టేస్తుంది. కలబడటానికో పారిపోవడానికో ఒళ్ళు ఇలా సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ అనే అమెరికా శరీరశాస్త్రవేత్త 1915లోనే వివరించాడు. ఆ తర్వాత 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త, ఎలుకలకి తగిలే దెబ్బ చలి అయినా, గాయమైనా, మందు అయినా, ఒళ్ళు స్పందించే తీరు ఒకటేనని ఒక చిన్న వ్యాసంలో రాశాడు. స్ట్రెస్ అనే మాట వైద్యంలో స్థిరపడింది ఆయన వల్లే.

కుక్క వెంటపడితే పరుగెత్తుతారు. వదిలిన చక్కెర ఖర్చయిపోతుంది. కాసేపటికి నవ్వుకుంటారు. అదే కుక్క స్థానంలో, కూర్మన్నపాలెం సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా "కాల్ మీ అర్జెంట్" అని మెసేజ్ వచ్చిందనుకోండి. లోపల మోగేది అదే ప్రమాద గంట, అదే చక్కెర, అదే బిగుసుకున్న కండరం. పరుగు మాత్రం లేదు. బండి మీద కూర్చుని ఉంటారు, తర్వాత కుర్చీలో కూర్చుంటారు, రాత్రికి మంచం ఎక్కుతారు. ఒళ్ళు ఇంకా పరుగు కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చిన రోజు ఈ ఊరివాళ్ళెవరూ మర్చిపోరు. కిటికీ రెక్కలు పట్టుకుని నిలబడ్డాం. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళకి బిందెలు పట్టుకుని లైన్లు కట్టాం, కూలిన చెట్లు వీధివీధంతా కలిసి లాగేశాం. అంత భయంలోనూ ఆ వారం నేను మొద్దులా నిద్రపోయాను. ఆశ్చర్యంగా ఉండేది. ఇప్పుడు అర్థమవుతోంది: ఒళ్ళు సిద్ధమైన పనే చేసింది, పక్కన మనుషులున్నారు, రాత్రికి అలసిపోయింది. ఈఎంఐకి ఆ సౌకర్యం లేదు. అది ప్రతి నెలా 5వ తేదీన తీరం దాటి, 6వ తేదీన మళ్ళీ అల్పపీడనంగా మొదలవుతుంది. (తుఫానులో ఇల్లో మనిషో పోయినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి అది ఆ వారంతో ముగియలేదు.)

ముగియకపోతే ఏమవుతుంది? మెడ, భుజాలు, దవడ పట్టేస్తాయి. తల చుట్టూ తాడు బిగించినట్టు నొప్పి. పొట్ట సంగతి చెప్పక్కర్లేదు, గ్యాస్ అని మనం పిలిచే వాటిలో కొంత భాగం ఇక్కడిదే. అయితే ఒక దిద్దుబాటు. కడుపులో పుండు టెన్షన్ వల్లే వస్తుందని మా నాన్నగారి తరం గట్టిగా నమ్మేది. అది చాలావరకు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా వల్లనీ, నొప్పి మాత్రలు అదేపనిగా మింగడం వల్లనీ వస్తుంది. ఆ బాక్టీరియా సంగతి బయటపెట్టినందుకే బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకి 2005లో నోబెల్ ఇచ్చారు. కాబట్టి పొట్టలో మంట నెలల తరబడి ఉంటే "టెన్షన్‌లే" అని వదిలేయకుండా చూపించుకోవాలి.

బీపీ విషయమూ అంతే. కోపం వచ్చిన ఆ కాసేపు పెరిగి మళ్ళీ దిగుతుంది. శాశ్వతంగా పైన కూర్చునేది, టెన్షన్‌తో పాటు వచ్చే పరివారం వల్ల ఎక్కువ: నిద్రలేమి, ఉప్పు, సిగరెట్టు, కదలిక లేకపోవడం. షుగర్ ఉన్నవాళ్ళకి మాత్రం టెన్షన్ రోజుల్లో రీడింగు పెరగడం మామూలే, లివరు వదిలే ఆ చక్కెర వల్ల.

రోగనిరోధకం గురించి రెండు పరిశోధనలు నా మనసులో నిలిచిపోయాయి. 1991లో అచ్చయిన ఒకదానిలో 394 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేశారు. ముందే కొలిచిన టెన్షన్ ఎంత ఎక్కువగా ఉంటే, జలుబు పట్టే అవకాశం అంత పెరిగింది. 1995 నాటి ఇంకొకదానిలో, మతిమరుపు జబ్బున్న బంధువుకి ఏళ్ళ తరబడి సేవ చేస్తున్న ఆడవాళ్ళకి చేతి మీద 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి చూశారు. మిగతావాళ్ళకంటే వాళ్ళకి మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. మంచం పట్టిన అత్తగారిని చూసుకునే కోడలు "నాకేం, బాగానే ఉన్నాను" అంటే నాకు ఆ 9 రోజులు గుర్తొస్తాయి.

జుట్టు ఇంకో విచిత్రం. పెద్ద దెబ్బ తగిలిన రెండు మూడు నెలలకి గుప్పెళ్ళుగా రాలుతుంది. సంక్రాంతికి రాలుతున్న జుట్టు దసరా నాటి బాకీ అన్నమాట. కొత్త షాంపూ మీద నెపం వేసి లాభం లేదు.

మెట్టు 1: రెండు వారాలు ఏమీ మార్చకండి, రాయండి

చొక్కా జేబులో పట్టే పుస్తకం ఒకటి కొనండి. ఫోన్లో రాయొద్దు, ఫోను తెరిస్తే ఇంకేదో కనబడుతుంది. గుండె దడో, చిరాకో, మెడ పట్టడమో అనిపించిన ప్రతిసారీ ఒక్క వరుస: టైము, ఎక్కడ, ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది. నా పుస్తకంలో మొదటి వరుస ఇది: "8:40, కాన్వెంట్ జంక్షన్, లారీల వెనక, దవడ." రోజు చివర రెండు అంకెలు: ఎన్ని గంటలు పడుకున్నాను, ఎన్ని టీలు తాగాను.

ఎందుకింత శ్రమ అంటారా? మనం అనుకునే కారణం, పుస్తకంలో తేలే కారణం సాధారణంగా ఒకటి కావు. నేను మా మేనేజరే కారణమని ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. రెండు వారాల తర్వాత చూస్తే ఆయన పేరు మూడంటే మూడు చోట్ల ఉంది. ఎక్కువసార్లు వచ్చినవి రెండు: వాట్సాప్ గ్రూపులు, ఆదివారం సాయంత్రం 6 గంటలు. ఆదివారం సాయంత్రం ఏమీ జరగదు. సోమవారం వస్తుందన్న ఊహకే పొట్టలో తిప్పడం మొదలయ్యేది.

మెట్టు 2: అది టెన్షనేనా అని తేల్చుకోండి

ఈ మెట్టు దాటేసి నేరుగా ప్రాణాయామంలోకి దూకేవాళ్ళని చూస్తే నాకు భయం. థైరాయిడ్ ఎక్కువైతే గుండె దడ, చెమట, నిద్ర పట్టకపోవడం వస్తాయి, అచ్చం టెన్షన్‌లాగే. రక్తం తక్కువైనా దడ, ఆయాసం. బీ12 లోటున్నా నీరసం, చిరాకు. కాబట్టి ఒకసారి బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. 40 దాటితే డాక్టరు సలహా మీద ఈసీజీ కూడా.

ఇంట్లో బీపీ చూసుకునేవాళ్ళు చాలామంది తప్పుగా చూస్తారు. మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూ, పక్కవాళ్ళతో మాట్లాడుతూ పట్టీ కట్టుకుంటే ఎవరికైనా ఎక్కువే వస్తుంది. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్టు వద్దు. 5 నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని, కాళ్ళు నేల మీద ఆనించి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టుకోండి. మాట్లాడకుండా, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. ఇంటి దగ్గర పదేపదే 135/85 దాటుతుంటే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇక నా ఆటో సంగతి. ఛాతీ మధ్యలో బరువు, చెయ్యికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, ఊపిరాడకపోవడం, వీటిలో ఏది వచ్చినా "గ్యాసేమో, సోడా తాగి చూద్దాం" అనకండి. 108కి ఫోన్ చెయ్యండి. నాకు టెన్షన్ అని తేలింది కదా అని మీకూ అదే అవుతుందని లేదు. ఇంట్లో కూర్చుని తేడా కనిపెట్టడం ఎవరి వల్లా కాదు.

మెట్టు 3: గంట మోగిన ఆ నిమిషంలో

గుండెని మనం నేరుగా ఆపలేం, కానీ ఊపిరిని పట్టుకుంటే అది మాట వింటుంది. గాలి లోపలికి తీసుకున్నప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. వదిలేది పొడుగైతే, మెదడు నుంచి గుండెకీ పొట్టకీ దిగే వేగస్ నాడి పైచేయి అవుతుంది. పేరులో వేగం ఉంది గానీ అది చేసేది బ్రేకు పని.

పద్ధతి: ముక్కుతో 4 లెక్కపెడుతూ తీసుకోండి, పొట్ట ముందుకు రావాలి, భుజాలు లేవకూడదు. 6 లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి 6 ఊపిరులు అవుతాయి. 5 నిమిషాలు చేస్తే సరి. మధ్యలో బిగపట్టడాలు వద్దు, బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్ళకి అసలే వద్దు. తల తేలినట్టుంటే లోతు తగ్గించండి. మొదటి రోజు ఏమీ తెలియదు. వారం పాటు ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా చేస్తే, కష్టం వచ్చినప్పుడు ఒళ్ళు దానంతటది అందుకుంటుంది. ఈత ఒడ్డునే నేర్చుకోవాలి.

ఎక్కడ చెయ్యాలి? నేను సిగ్నళ్ళ దగ్గర చేస్తాను. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు నుంచి గాజువాక దాకా వెళ్ళేవాళ్ళకి సాధనకి చోటు తక్కువేమీ కాదు. పొగ ఉంటే మాత్రం ఆఫీసుకి చేరాక, కంప్యూటర్ వెయ్యకముందు.

ఒళ్ళు బిగుసుకుపోయేవాళ్ళకి ఇంకోటి పనికొస్తుంది. గత శతాబ్దం మొదటి సగంలో ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా వైద్యుడు నేర్పిన పద్ధతి. పిడికిలి 5 సెకన్లు గట్టిగా బిగించి, ఒక్కసారి వదిలేసి, 15 సెకన్లు ఆ తేడా గమనించాలి. తర్వాత భుజాలు చెవులదాకా ఎత్తి వదలడం, తర్వాత మొహం, పొట్ట, తొడలు, పాదాలు. బిగించడం ఇందులో అసలు రహస్యం. "రిలాక్స్ అవు" అంటే ఏ కండరానికీ అర్థం కాదు, బిగించి వదిలితే అర్థమవుతుంది. పడుకుని శవాసనంలో చేస్తే మధ్యలోనే నిద్ర పట్టేస్తుంది, మంచిదే.

యోగా అంటారా, 2025 జూన్ 21న, అంతర్జాతీయ యోగా దినోత్సవానికి, ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు ఊరు ఊరంతా చాపలు పరిచింది. ఆ చాప ఇప్పుడు చాలా ఇళ్ళలో బీరువా వెనక ఉంది. తియ్యండి.

మెట్టు 4: ఒంటికి బాకీ ఉన్న పరుగు తీర్చండి

మందుల్లేని మార్గాల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఇదే, కాబట్టి కొంచెం విస్తరంగా చెబుతాను. సిద్ధమైన ఒళ్ళు కదలాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం చెయ్యమంటుంది. వారానికి ఐదు రోజులు, రోజుకి 30 నిమిషాల చురుకు నడక అన్నమాట. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ వేగం కొలత.

గుండె ఆరోగ్యానికి పొద్దునైనా సాయంత్రమైనా ఒకటే. టెన్షన్ ముగించడానికి మాత్రం నా ఓటు ఆఫీసు అయిపోయిన వెంటనే. ఇంటికి వెళ్ళి కూర్చుంటే లేవరు, ఇది నూటికి నూరుపాళ్ళు అనుభవం. బండి ఇంటి ముందు పెట్టకుండా పార్కు ముందు పెట్టండి. ద్వారకానగర్ చుట్టుపక్కల వాళ్ళకి ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదురు సెంట్రల్ పార్కు, శివాజీపాలెం వాళ్ళకి శివాజీ పార్కు, ఎంవీపీ, వాల్తేరు వాళ్ళకి బీచ్ రోడ్డు. ఉక్కునగరం వాళ్ళ చెట్ల నీడ రోడ్లంటే నాకు ఇప్పటికీ అసూయే.

మన ఊరి చిక్కు ఉక్కపోత. ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఆ నెలల్లో పొద్దున 6:30 కల్లా ముగించాలి, లేదా పొద్దుగూకాక మొదలుపెట్టాలి. నీళ్ళ సీసా తప్పనిసరి.

సముద్రం దగ్గర ఇంకో మాట. కెరటాల చప్పుడు వింటూ ఇసకలో కూర్చోవడం మహా సుఖం, మురీ మిక్చర్ పొట్లం ఉంటే మరీను. నీళ్ళలోకి మాత్రం దిగకండి. ఆర్కే బీచ్‌లో అలల లాగుడు ఎన్ని ప్రాణాలు తీసిందో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు, అయినా దిగేవాళ్ళు దిగుతూనే ఉంటారు.

నేను నడక మొదలుపెట్టిన కొత్తలో చెవికి ఫోను పెట్టుకునే తిరిగేవాణ్ణి. రోజూ ఎదురయ్యే రిటైర్డ్ స్టీల్‌ప్లాంటు పెద్దాయన ఒకరు నాలుగు రోజులు చూసి, ఐదో రోజు ఆపారు. "బాబూ, నువ్వు నడవట్లేదు. ఆఫీసుని చంకనేసుకుని మోస్తున్నావు."

"అర్జెంటు బాబాయ్ గారూ."

"మా ఫర్నేసు కంటే అర్జెంటా?"

మర్నాటి నుంచి ఫోను బండి డిక్కీలో ఉంటోంది.

మెట్టు 5: నిద్ర

కార్టిసాల్ మామూలుగా తెల్లవారుజామున పెరుగుతూ, మెలకువ వచ్చాక శిఖరానికి చేరి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. టెన్షన్‌లో ఉన్న ఒంటికి ఆ దిగడం సరిగ్గా జరగదు. పడుకుంటారు గానీ పైపైన తేలుతూ ఉంటారు. నిద్ర చాలకపోతే మర్నాడు చిన్న మాటకే గంట మోగుతుంది. ఒకదానికొకటి ఆజ్యం పోసుకుంటాయి.

లేచే టైము ఒకటే ఉంచండి, ఆదివారం కూడా. పడుకునే టైము దానంతటది సర్దుకుంటుంది. పడుకోబోయే గంటా గంటన్నర ముందు గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేస్తే చర్మానికి రక్తం వచ్చి లోపలి వేడి బయటికి పోతుంది, నిద్ర తొందరగా పడుతుంది. మన ఉక్కలో వేన్నీళ్ళేమిటని నవ్వాను, చేశాక నవ్వలేదు. ఫోను ఇంకో గదిలో ఛార్జింగ్ పెట్టి, అలారానికి 200 రూపాయల గడియారం కొనుక్కోండి.

3 గంటలకి మెలకువ వచ్చిందా? టైము చూడొద్దు. ఓ 20 నిమిషాలు దాటినట్టు అనిపిస్తే మంచం దిగండి. మసక వెలుతురులో బట్టలు మడతపెట్టుకోండి, పాత వారపత్రిక తిరగెయ్యండి, నిద్ర ముంచుకొస్తేనే వెళ్ళి పడుకోండి. దొర్లుతూ ఉంటే, మంచమంటే ఆలోచించే చోటని మెదడు నేర్చుకుంటుంది.

రాత్రి షిఫ్టు వాళ్ళ కష్టం వేరు. స్టీల్‌ప్లాంటు, పోర్టు, పరవాడ ఫార్మా, రుషికొండ ఐటీ, ఈ ఊరు మూడు షిఫ్టుల్లో బతికే ఊరు. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు నల్లకళ్ళద్దాలు పెట్టుకోండి, పొద్దుటి వెలుగు కళ్ళలో పడితే ఒళ్ళు లేచే సమయం అనుకుంటుంది. అయితే నిద్ర ముంచుకొస్తుంటే బండి నడపకండి, బస్సెక్కండి. గదికి మందపాటి కర్టెన్. షిఫ్టు చివరి సగంలో టీ వద్దు. కాలింగ్ బెల్లు మీద "నైట్ డ్యూటీ" అని కాగితం అతికించండి. సిగ్గెందుకు?

మెట్టు 6: నోట్లోకి పోయేవి

సాయంత్రం 5 గంటలకి తాగిన టీలోని కెఫీన్ సగం వరకు రాత్రి 10 గంటలకి కూడా ఒంట్లోనే ఉంటుంది, మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ. నేను 7 టీల నుంచి 3కి దిగాను, మధ్యాహ్నం 3 తర్వాత లేదు. ఒక్కసారి మానేస్తే తలనొప్పి వస్తుంది, మూడు రోజులకి ఒక్కోటి తగ్గించండి.

సిగరెట్టు తాగితే హాయిగా ఉంటుందంటారు. ముందు సిగరెట్టు నికోటిన్ దిగిపోతూ పెట్టిన చిరాకుని తర్వాతి సిగరెట్టు తీరుస్తుంది, అంతే జరిగేది. తానే ముల్లు గుచ్చి తానే తీసే స్నేహితుడు. మందు సంగతి అంతకన్నా మోసం: తొందరగా నిద్ర పడుతుంది, రాత్రి రెండో సగంలో చెదరగొడుతుంది. 3 గంటల మెలకువకి నా స్నేహితుల్లో ఇద్దరికి కారణం అదే.

భోజనం టైముకి చెయ్యండి. ఖాళీ కడుపు మీద గంట మోగితే దెబ్బ రెట్టింపు. టెన్షన్ తగ్గించే పండ్లు, గింజలు అని వచ్చే జాబితాలని నేను పట్టించుకోను. పొద్దున మా అమ్మ ఇచ్చే చోడి అంబలి తాగితే మధ్యాహ్నం దాకా పొట్ట గొడవ చెయ్యదు, నాకు అది చాలు.

మెట్టు 7: ప్రమాద గంటలు మోగే లెక్క తగ్గించండి

ఇప్పుడు ఆ పుస్తకం తియ్యండి. ప్రతి వరుస పక్కన ఒక గుర్తు: నా చేతిలో ఉన్నది, లేనిది. లారీలు నా చేతిలో లేవు. కానీ 20 నిమిషాలు ముందు బయల్దేరడం ఉంది. గ్రూపులు నా చేతిలో ఉన్నాయి: ఆఫీసుది ఒకటి తప్ప మిగతావన్నీ మ్యూట్ చేసి, రోజుకి రెండుసార్లు చూడటం మొదలుపెట్టాను. పెళ్ళిరోజు శుభాకాంక్షలు చెప్పలేదని ఒక మేనత్త నెల్లాళ్ళు అలిగింది. ఆ తర్వాత సర్దుకుంది.

చేతిలో లేని వాటికి ఒక టైము ఇవ్వండి. సాయంత్రం 6:30 నుంచి 6:45 దాకా, కుర్చీలో కూర్చుని, కాగితం మీద దిగులంతా రాసెయ్యడం. మిగతా వేళల్లో దిగులు తలుపు కొడితే "6:30కి రా" అనడమే. వినడానికి వెటకారంగా ఉంటుంది. కానీ దిగులు పడొద్దు అంటే వినని మనసు, తర్వాత పడుదువులే అంటే వింటుంది. పడుకునే ముందు మాత్రం ఈ పని పెట్టుకోకండి.

డబ్బు దిగులుకి ఊపిరి పద్ధతులు చాలవు. అప్పులన్నీ, వడ్డీ రేట్లతో సహా, ఒకే కాగితం మీద రాసి భార్యాభర్తలిద్దరూ ఒకసారి చూడండి. మా ఇంట్లో ఆ కాగితం ముందు కూర్చోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది, రాయడానికి అరగంట. క్రెడిట్ కార్డు బాకీని ముందు తీర్చాలని ఇద్దరికీ ఒక్క చూపులో తెలిసిపోయింది.

మెట్టు 8: ఇంట్లోవాళ్ళు

టెన్షన్ ఇంటికి అంటుకుంటుంది. నేను కసురుకుంటే మా ఆవిడ పెద్దాడిని కసిరేది, వాడు చెల్లెల్ని. ఇప్పుడు గడపలో ఒక ఒప్పందం ఉంది: వచ్చిన మొదటి పావుగంట ఎవరూ ఏమీ అడగరు, ఆ తర్వాత నేను తప్పించుకోను.

ఆడవాళ్ళకి ఈ నడకలు, పుస్తకాలు ఎప్పుడు కుదురుతాయని అడిగితే న్యాయమైన ప్రశ్న. 4:30కి లేచి క్యారియర్లు కట్టి, మద్దిలపాలెం బస్సులో నిలబడి వెళ్ళొచ్చి, మళ్ళీ పొయ్యి ముందు నిలబడే మనిషికి "అరగంట ప్రశాంతంగా కూర్చో" అనే సలహా ఇవ్వడం కంటే గిన్నెలు తోమడం మేలు. నేను రాత్రి గిన్నెలు తీసుకున్నాక ఆవిడకి ఆ అరగంట వచ్చింది.

ఇంటర్ పిల్లలున్న ఇళ్ళకి ఒక్కటే: రోజుకి ఒక పూట మార్కుల మాట ఎత్తకండి. మేం రాత్రి భోజనం ఎంచుకున్నాం. మొదటి వారం అందరం మౌనంగా తిన్నాం, మాట్లాడుకోవడానికి ఇంకేమీ లేదని అప్పుడే తెలిసింది.

మెట్టు 9: ఎప్పుడు బయటి సాయం తీసుకోవాలి

రెండు వారాలకి పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఇష్టమైనవి కూడా రుచించకపోవడం, ఉన్నట్టుండి చచ్చిపోతానేమో అన్నంత భయం ముంచెత్తడం, తాగుడు పెరగడం, పని చెయ్యలేకపోవడం, వీటిలో ఏదున్నా పై మెట్లతో సరిపెట్టకండి. చచ్చిపోవాలనిపిస్తుంటే ఇవాళే మాట్లాడాలి. 14416కి ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఎవరైనా అలాంటి మాట అంటే ఒంటరిగా వదలకండి, "పిచ్చి మాటలు మాట్లాడకు" అని నోరు మూయించకండి.

నేరుగా చూపించుకోవాలంటే వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఊళ్ళో దానికున్న పాత పేరు వల్ల చాలామంది ఆ గేటు దగ్గర ఆటో దిగడానికి కూడా జంకుతారు. లోపల ఓపీలో కూర్చునేది మీలాంటి నాలాంటి వాళ్ళే: నిద్ర పట్టని గుమాస్తా, పరీక్షల భయం ఉన్న పిల్ల, తాగుడు మానాలనుకునే డ్రైవరు.

మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చుకోవడం మాత్రం చెయ్యొద్దు. అల్ప్రాజోలం లాంటివి కొన్ని వారాల్లోనే అలవాటైపోతాయి. ఇప్పటికే రోజూ వేసుకుంటున్నవాళ్ళు ఇది చదివి ఇవాళే ఆపెయ్యకూడదు కూడా, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

మొదటిసారి వెళ్ళేటప్పుడు ఏం చెప్పాలో తోచదు, గొంతు పెగలదు. నాకూ అంతే అయింది. జేబులోని పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరుగారు రెండు పేజీలు తిప్పి, "ఆదివారం సాయంత్రం 6 గంటలకి ఏం జరుగుతుంది?" అని అడిగారు. మాట అక్కణ్ణుంచి మొదలైంది.